తాత వదిలిన పోగులు

మార్చి 11, మంగళవారం

నేను పార్ట్‌టైమ్ చేసే ఫ్రేమ్ షాపుకి ఇవాళ పెద్ద పని వచ్చింది. అఫీ అని ఘానా ఆవిడ, పెయింటర్. ఇక్కడే, నేను చదువుకునే హామిల్టన్‌లోనే ఉంటుంది. వాళ్ల తాత నేసిన సన్నటి పట్టీలను పక్కపక్కన కుట్టి, ఆ గుడ్డ మీదే ఆయన ముఖం వేసింది. చూడగానే నూలు గురించి ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాను.

రూమ్మేట్ వాసవికి మా నాన్నది చీరల బిజినెస్ అని చెప్పాను. బిజినెస్ అట! పోచంపల్లి పక్క ఊళ్లో రెండు గుంట మగ్గాలు. అమ్మ ఇంటింటికీ పోయి అచ్చు అతుకుతుంది. మగ్గం మీది పాత పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం. కాలేజీ మొదలై ఏడాదైంది, ఒక్కరికీ చెప్పలేదు.

మార్చి 13

ఎంత పని చేశాను!

అఫీ బొమ్మలో చివరి పట్టీ కింద పోగులు వేలాడుతున్నాయి. అంగుళం మిగిల్చి నీట్‌గా కత్తిరించేశాను. ఆలోచించనే లేదు. చిన్నప్పుడు ఇంట్లో నా డ్యూటీ అదే. చీరకు పోగు వేలాడితే, కొనే సేటు తిప్పి పంపేవాడు.

అఫీ వచ్చి చూసింది. అరిచినా బాగుండేది. అక్కడే కూర్చుండిపోయింది. ఆ పట్టీ మగ్గం మీదుండగానే తాత పోయాడట. నేత ఆగిన చోటు అలాగే కనబడాలని పోగులు వదిలిందట. ఆమె బొమ్మల షో 22న. ఓనర్ ఆమెకు సారీ చెప్పాడు.

చెత్తబుట్టలోంచి పోగులన్నీ ఏరి కవర్లో పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 14, పొద్దున 6

అమ్మకు వీడియో కాల్ చేశాను.

"మగ్గం మీది పోగులు కోసినవా? నువ్వు నా కడుపునే పుట్టినవా?" అంది. తర్వాత ఎన్ని పోగులని అడిగింది.

మార్చి 15

అఫీకి మెసేజ్ పెట్టాను. అతుకుతానని, అమ్మ చేసే పని అదేనని, అంతా రాశాను.

మార్చి 16

రిప్లై లేదు.

మార్చి 18

అఫీ తన స్టూడియోకి రమ్మంది.

వేళ్లు జారకుండా బూడిద కావాలి. వాసవి అగర్‌బత్తి స్టాండు దులిపి పట్టుకెళ్లాను. మొదటి పది పోగులూ ఊడిపోయాయి. కీబోర్డు మరిగిన వేళ్లాయె. ఫోన్లోంచి అమ్మ ఒకటే గొణుగుడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, అఫీకి తెలుగు రాదు, అయినా నన్ను తప్పు పట్టడంలో ఇద్దరూ ఒకటైపోయారు. అఫీ కూడా మగ్గాల మధ్యనే పెరిగిందట.

రెండొందల పన్నెండు పోగులు. నాలుగు గంటలు. అతుకులు కనబడుతున్నాయి, రంగు వేసి దాచనా అన్నాను. వద్దంది. అమ్మ పేరు అడిగి స్పెల్లింగ్ రాసుకుంది.

మార్చి 22

షో. వాసవీ వచ్చింది. గోడ మీది లేబుల్ పైకి చదివింది. బొమ్మ: అఫీ. నేత: తాత కోమ్లా. అతుకు: శాంతమ్మ, ఆమె కూతురు.

శాంతమ్మ ఎవరే, అంది.

"మా అమ్మ. అచ్చు అతుకుతది."