ఆడవాళ్ల గడిలో సున్నా

బెంగళూరు,
14-8-2003

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ అల్లుడి దగ్గు తగ్గింది. కదిరిలో మీరూ బాగున్నారనే అనుకుంటాను, నీ ఉత్తరం చివర రాసిన ఆ ఒక్క సంగతి తప్ప. దాని గురించి కింద రాస్తాను.

"ఇంత చదివి బీడీలు మాన్పించేదేం ఉద్యోగమే?" అని అడిగావు. నాకూ విసుగ్గానే ఉంది. సిగరెట్టు మానాలనుకునే ఆఫీసర్లకు ఏసీ గదుల్లో సలహాలు దొరుకుతాయి. ఊరవతల జిగణిలో పనిచేసే కూలీలకు ఒక్క క్లినిక్ పెట్టండని రెండేళ్లుగా ఫైలు పట్టుకుని తిరుగుతున్నాను. మొన్న మా డైరెక్టరు భుజంగరావుగారు నిరుడు ఆ కూలీల దగ్గర నేను చేసిన సర్వే కాగితాన్నే నా ముందుకు తోసి, "ఆడవాళ్ల గడిలో సున్నా ఉంది కదమ్మా, సగం మందికి అలవాటే లేనిచోట క్లినిక్ ఎందుకు?" అన్నారు. ఒళ్లు మండి నేరుగా జిగణి వెళ్లాను.

అక్కడ ఇటుకలు మోసే ఈరమ్మ మన వైపు మనిషే. నిరుడు అడిగితే లేదన్నావు కదా అన్నాను.

"లేదనే చెప్తి. బీడీ తాగేది మా ఇంటాయన. నేను ఆకులో రోంత పొగాకు ఏసుకుంటా. అది మీరు అడగల్యా కదా మేడం. బుగ్గలో తెల్లగా ఏందో ఉండాది, నొప్పి ల్యా" అంది.

ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడే చూపించారు గనుక నయమవుతుందన్నారు.

ఇక భుజంగరావుగారిని ఏమని తిట్టను? ఆ ప్రశ్న రాసింది నేనే. పొగ తాగుతారా అని రాశాను, నమలడం ఊసే లేదు. భోజనమయ్యాక నువ్వు ఆకుల సంచి విప్పి, ఈనెలు తీయమని నా చేతికిచ్చి, పక్కన పొగాకు చిదుముకునేదానివి. అది నాకు నీ వాసన, అంతే. అదొక జబ్బుకు దారి అని తోచనే లేదు.

ఉగాదికి వచ్చినప్పుడు బుగ్గ మండుతోందన్నావు. కారం తగ్గించు, బి కాంప్లెక్స్ వేసుకో అన్నాను. పదకొండు వందల మందిని ప్రశ్నలడిగినదాన్ని, నిన్ను నోరు తెరవమని అడగలేదు. ఇప్పుడు "పుండు మానలేదు, ఇంకో సీసా వేసుకోనా?" అని రాశావు.

వద్దు. సోమవారం మా ఆఫీసు దామోదర్ అక్కడికి వస్తాడు, మొండికెయ్యకుండా అతనితో బస్సెక్కు. కోడిపిల్లలు, పాలవాడు అని సాకులు చెప్పకు. ఆకుల సంచి కూడా తెచ్చుకో, తిట్టను. మాన్పించడం నా పని.

సర్వే కాగితం మళ్లీ రాశాను. మొదట నిన్నే అడుగుతాను. నాకు భయంగా ఉందమ్మా.

ఇట్లు,
నిన్ను అడగవలసింది అడగని నీ కూతురు
శైలజ