కామెడీ అని ముందే చెప్పాల్సింది

జనవరి 12

మా నటుడు చేతులెత్తేశాడు. ఏదో సీరియల్లో డాక్టరు వేషం వచ్చిందట. ఫోన్ చేసి చెప్పడానికి మొహమాటపడి వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్‌లో మాత్రం పశ్చాత్తాపం బాగా పలికించాడు.

షూటింగ్ వచ్చే శని, ఆదివారాలే. లైట్లు మా స్టూడియో ఓనర్ కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నవి, సోమవారం పొద్దున్నే తిరిగిచ్చేయాలి. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ కూర్చున్నాను. నాదంటూ ఒక షార్ట్ ఫిల్మ్ తీసుకుందామంటే ఇదీ వరస.

జనవరి 13, మధ్యాహ్నం

పిన్ని కుట్టిన కర్టెన్లు ఇచ్చి వెళ్దామని బాబాయి వచ్చాడు. లిఫ్ట్ పనిచేయడం లేదు. ఎంతకీ పైకి రాకపోతే తొంగి చూశాను. మెట్ల మలుపులో కూర్చుని ఉన్నాడు. సంచీ ఒళ్లో ఉంది. రెండు చేతులూ దాని మీద స్టీరింగ్ పట్టుకున్నట్టు ఉన్నాయి. రిటైరయ్యేదాకా సిటీ బస్సు డ్రైవరు. ఇప్పటికీ ఎక్కడ కూర్చున్నా అలాగే కూర్చుంటాడు.

నేను రాసుకున్న మనిషి అక్కడ కూర్చుని ఉన్నాడు.

నా కథ ఇంతే. కింద ఇంటాయనా పై ఇంటాయనా ఎప్పుడో నీళ్ల దగ్గర గొడవపడి మాటలు మానేస్తారు. ఒకరోజు పై ఇంటాయన పోతాడు. కింద ఇంటాయన పలకరింపుకని బయల్దేరి, మెట్ల మలుపు దాకా వచ్చి, ఇక కాళ్లు రాక అక్కడే కూలబడి ఏడుస్తాడు. సినిమా పేరు కూడా అదే, ‘మెట్ల మలుపు’.

బాబాయిని అడిగాను. నేనేంటి, యాక్టింగేంటి అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నావా అని కూడా అడిగాడు. బాబాయి జోకు వేయగా నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా వేస్తే కాసేపు ఆలోచించి, అర్థమయ్యాక తలూపుతాడు. మా ఇంట్లో అందరికీ ఆ తలూపడమే పెద్ద జోకు.

సాయంత్రం ఫోన్ చేశాడు. చేస్తాడట. కథ రాసిస్తే చదువుకుంటాడట.

జనవరి 16

మళ్లీ ఫోన్. ఆ నీళ్ల గొడవలో తప్పెవరిది అని అడిగాడు. ఎవరిదైతే ఏముంది బాబాయ్, సినిమాలో అది రాదు అన్నాను. అలా అంటే ఎలా అమ్మాయ్, తప్పు నాదైతే ఒకలా ఎక్కుతాను, ఆయనదైతే ఇంకోలా ఎక్కుతాను కదా అన్నాడు.

నేను ఆలోచించని సంగతి. నీదే అని చెప్పాను.

జనవరి 19

షూటింగ్ మొదటి రోజు. కెమెరా మా స్టూడియోలో నాతో పనిచేసే అతనే. అందరూ ‘ఫోకస్’ అంటారు, అతను తీసిన ఏ పెళ్లిలోనూ పెళ్లికూతురి మొహం తిన్నగా కనపడదు కాబట్టి. ఫ్రీగా వస్తానన్నది అతనొక్కడే. దుప్పటి కట్టి రిఫ్లెక్టర్ చేశాం. ఇస్త్రీ బల్ల మీద కెమెరా పెట్టాం. పక్కింటావిడ కూరగాయల సంచీతో రెండుసార్లు షాట్లోకి నడిచొచ్చి, రెండోసారి జడ కూడా సవరించుకుంది.

బాబాయి మాత్రం చెప్పిన చోట నిలబడి, చెప్పినట్టు మెట్లు ఎక్కాడు. తప్పు తనది అన్నట్టే ఎక్కాడు.

జనవరి 20, సాయంత్రం

ఏడుపు సీను. గ్లిజరిన్ వేస్తే కళ్లు ఎర్రబడ్డాయి తప్ప ఏడుపు రాలేదు. వెలుతురు పోతోంది. నాకు కంగారు పుట్టింది. ఏదైనా నిజంగా బాధపడ్డ రోజు తలుచుకో బాబాయ్, ఏడవాలనుకుని ఏడవకుండా ఉండిపోయిన రోజు అన్నాను. పుస్తకాల్లో చదివిన టెక్నిక్.

నా వంక చూశాడు. అందరూ కాస్త మాట్లాడకుండా ఉంటారా అన్నాడు. ఉన్నాం.

తర్వాత ఏడ్చాడు. ఒక్కటే టేక్. గొంతు సన్నగా పైపైకి పోయి, తెగి, మళ్లీ కిందినుంచి మొదలైంది. అలాంటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. ఫోకస్ భుజాలు అదిరిపోతున్నాయి. ఫ్రేమ్ కూడా కొంచెం కదిలింది. కదిలితే కదిలింది, అతనికీ మనసుంది అనుకున్నాను.

కట్ చెప్పడం మర్చిపోయాను.

జనవరి 22

బాబాయి ఇంటికి వెళ్లాను. పిన్ని వంటింట్లో ఉన్నప్పుడు నెమ్మదిగా అడిగాను, ఏం తలుచుకున్నావని. తలుపు వైపు చూసి చెప్పాడు.

పెళ్లయిన కొత్తలో, వాన పడుతున్న ఒక పొద్దున, ఒక మనిషి కదులుతున్న బస్సులోంచి దిగబోయి చక్రం కింద పడ్డాడట. తప్పు బాబాయిది కాదని ఎంక్వైరీలో తేల్చారట. మర్నాడు అదే బస్సు, అదే రూట్. ఏడవడానికి ఎక్కడా వీలు కుదరలేదమ్మాయ్ అన్నాడు. డ్యూటీలో ఏడిస్తే దారి కనపడదు, ఇంట్లో ఏడిస్తే మీ పిన్ని భయపడుతుంది.

ఆవిడకి తెలీదు, చెప్పకు అన్నాడు. చెప్పనన్నాను.

ఫిబ్రవరి 25

ఎడిట్ అయింది. ఏడుపు సీను ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. కత్తిరించడానికి నేనెవరిని?

ఏప్రిల్ 9

ఫెస్టివల్లో సెలెక్ట్ అయింది! చిన్నదే. అయినా పెద్ద తెర. బాబాయికి చెబితే, మీ పిన్నిని కూడా తీసుకురావచ్చా అని అడిగాడు.

ఏప్రిల్ 27

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

హాలు నిండింది. బాబాయి కటింగ్ చేయించుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకొచ్చాడు. ముందు వరసలో నేను, బాబాయి, పిన్ని. మెట్లు ఎక్కుతున్నంతసేపూ హాల్లో చప్పుడు లేదు. మెట్ల మలుపు వచ్చింది. బాబాయి కూలబడ్డాడు. గొంతు సన్నగా పైకి లేచింది.

వెనకెవరో కిసుక్కుమన్నారు.

గొంతు తెగి మళ్లీ మొదలైంది. ఈసారి వరసంతా నవ్వింది. ఆ తర్వాత హాలంతా. స్టార్ట్ కాని స్కూటర్‌లా ఉంది ఆ ఏడుపు. ఆ చీకట్లో, ఆ స్పీకర్లలో నాకూ అలాగే వినపడింది. అందరూ పొట్టలు పట్టుకుంటున్నారు. బాబాయి తల తిప్పి వెనక్కి చూశాడు. దేనికి నవ్వుతున్నారో వెతుకుతున్నాడు. పిన్ని కూడా నవ్వుతోంది. కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వుతూ బాబాయి భుజం మీద చరిచింది. అప్పుడు బాబాయి కాసేపు ఆలోచించి, తలూపాడు.

తర్వాత నన్ను స్టేజీ మీదకి పిలిచారు. ఈమధ్య ఇంత మంచి డార్క్ కామెడీ చూడలేదని మైకు పట్టుకున్న గడ్డపాయన అన్నాడు. ఆ ఏడుపు ప్లాన్ చేశారా, అనుకోకుండా వచ్చిందా అని అడిగాడు.

ప్లాన్ చేసిందే అన్నాను. చాలా టేకులు పట్టింది, ఆ టైమింగ్ కోసం చాలా పని చేయించాల్సి వచ్చింది అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. చప్పట్లు కొట్టారు. బెస్ట్ కామెడీ అని ఒక షీల్డ్ కూడా ఇచ్చారు.

బయటికొచ్చాక బాబాయి నా పక్కన నడుస్తూ, కామెడీ అని ముందే చెప్పాల్సిందమ్మాయ్, ఇంకా బాగా చేసేవాణ్ణి అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. బాబాయికి ఎత్తిపొడవడం రాదు.

ఏప్రిల్ 28

షీల్డ్ బీరువా వెనక పెట్టాను.

మే 6

ఫోకస్‌ని నిలదీశాను. ఆరోజు కెమెరా ఎందుకు కదిలింది అని. నవ్వాపుకోలేక అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటే, నువ్వు ఏడుస్తున్నావు, ఎలా చెప్పమంటావు అన్నాడు.

మే 19

ఫెస్టివల్ వాళ్లు ఆ ఏడుపు ముక్క ఒక్కటీ నెట్లో పెట్టారు. చుట్టాలందరి ఫోన్లలోకీ వచ్చేసింది. ఈరోజు అత్తయ్య వాళ్లింట్లో అందరం కలిశాం. పెద్ద బావ, మామయ్యా ఒక్కసారి ఏడవవా అన్నాడు. పిల్లలు చుట్టూ మూగారు. బాబాయి నా వైపు చూసి, గొంతు సవరించుకుని, ఆ సన్న గొంతు తీశాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను చేతులు కడుక్కునే నెపంతో లోపలికి పోయాను.

జూన్ 15

ఇంకో ఊళ్లో ఇంకో ఫెస్టివల్. ఈసారి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుని వెళ్లాను. బాబాయి, పిన్ని కూడా వచ్చారు. నవ్వులయ్యాక మైకు తీసుకుని, ఇది కామెడీ కాదండీ, ఆయన నిజంగా ఏడ్చారు అన్నాను. ఎందుకు ఏడ్చారో చెప్పాలంటే పిన్ని ఎదురుగా ఉంది. అక్కడే ఆగిపోయాను. నా మొహం చూసి హాలంతా ఇంకా గట్టిగా నవ్వింది. మొహం సీరియస్‌గా పెట్టి భలే జోకు వేశారని తర్వాత ఒకావిడ మెచ్చుకుంది.

జూన్ 30

కొత్త ఎడిట్ చేశాను. ఏడుపు మొత్తం తీసేశాను. బాబాయి కూలబడగానే చీకటి. ఎవరూ నవ్వరు. స్టూడియోలో నలుగురికి చూపించాను. ఎవరూ నవ్వలేదు. ఒకతను మధ్యలో ఫోన్ చూసుకున్నాడు.

బాబాయికీ చూపించాను. నీట్‌గా ఉందన్నాడు. నేను ఏడ్చింది బాగాలేదా అమ్మాయ్ అని అడిగాడు.

డిలీట్ చేశాను.

ఆగస్టు 8

పరుపుల కంపెనీ యాడ్ తీసేవాళ్లు ఫోన్ చేశారు. మెట్ల మీద ఏడ్చే తాతగారు కావాలట. మంచి పరుపు దొరక్క ఏడవాలట. ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేశాను. బాబాయికి చెప్పలేదు. ఇన్నాళ్లకి ఆయన కోసం ఒక్క మంచి పని చేశాననిపించింది.

ఆగస్టు 21, మధ్యాహ్నం

బాబాయి స్టూడియోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. ఫోకస్ నోరు జారాడట, యాడ్ సంగతి.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. నాకు ఒంట్లో బాగాలేదని ఎవరు చెప్పారు అన్నాడు. నిన్ను చూసి మళ్లీ నవ్వుతారు బాబాయ్, అందుకే వద్దన్నాను అన్నాను.

నవ్వితే నీకేంటి అన్నాడు. గొంతు పెంచలేదు. అన్నేళ్లు బస్సు నడిపాను, జనం నా వీపే చూశారు. ఇప్పుడు మొహం చూస్తున్నారు. చూసి నవ్వుతున్నారు. నవ్వనీ. నేనేం చిన్నపిల్లాణ్ణా, ఎక్కడికి పోవాలో ఎక్కడికి పోకూడదో నువ్వు చెప్పడానికి?

సారీ చెప్పాను. హాల్లో అందరూ నవ్విన రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు బాబాయ్ అన్నాను.

అది కాదమ్మాయ్ అన్నాడు. వాళ్లకేం తెలుసు, వాళ్లు నవ్వారు. నీకు తెలుసు. స్టేజీ ఎక్కి, నేనే చేయించాను అన్నావు. చాలా టేకులు పట్టింది అన్నావు. నేను ఒక్కసారే కదా ఏడ్చింది. అది నీ పని ఎలా అయింది?

నాలుగు నెలలుగా నేను బాధపడుతూనే ఉన్నాను. జనం నవ్వుకి బాధపడ్డాను. నా ఎడిట్‌కి బాధపడ్డాను. ఆయనకి తగిలిన దెబ్బ నేను కొట్టిందని మాత్రం తట్టలేదు. మైకులో ఆ రెండు ముక్కలు అనకుండా ఊరుకున్నా సరిపోయేది. అనుకోకుండా వచ్చింది అన్నా సరిపోయేది. ఆ గడ్డపాయన ఆ మాట కూడా తనే అందించాడు, నేనే తీసుకోలేదు.

మళ్లీ సారీ చెప్పబోయాను. వద్దులే, దానికి తిరిగి ఏమనాలో నాకు తెలీదు అన్నాడు. యాడ్ వాళ్ల నంబర్ అడిగి, జేబులోంచి పెన్ను తీసి, అరచేతి మీద రాసుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 14

యాడ్ షూటింగ్‌కి తోడు వెళ్లాను. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పెద్ద సెట్టు. మెట్లు కూడా చెక్కతో వాళ్లే కట్టారు. బాబాయికి మేకప్ వేయడానికి ఒకరు, చెమట తుడవడానికి ఒకరు.

ఏడవమన్నారు. ఏడ్చాడు. అదే సన్న గొంతు, అలాగే తెగింది, అలాగే మళ్లీ మొదలైంది. సెట్లో వాళ్లంతా నవ్వు ఆపుకుంటున్నారు. ఇంకొంచెం పొడుగ్గా అంటే పొడుగ్గా, కాస్త తగ్గించి అంటే తగ్గించి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

తిరిగొస్తుంటే అడిగాను, ఈసారి ఏం తలుచుకున్నావు బాబాయ్ అని.

ఏమీ తలుచుకోలేదమ్మాయ్, యాక్టింగ్ చేశాను అన్నాడు. అందులో కాస్త గర్వం ఉంది. బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడుపు ఇక ఎవరికీ వినపడదు. ఒక్కసారి వచ్చింది, నా సినిమాలో ఉంది. నేను దాన్ని ఏం చేశానో ముందే రాశాను.

అక్టోబర్ 2

ఫెస్టివల్ వాళ్లకి మెయిల్ పెట్టాను. ఆరోజు నేను చెప్పింది అబద్ధం, ఒక్కటే టేక్, నేను చేయించింది కాదు, నటుడిది అని. థ్యాంక్స్ అంటూ ఒక స్మైలీ వచ్చింది.

బాబాయికి చెప్పాను. ఊఁ అన్నాడు.

నవంబర్ 17

యాడ్ టీవీలో వచ్చింది. పిన్ని ఫోన్ చేసింది. చూసిందట, నవ్వు రాలేదట. అది దొంగేడుపు, ఆ మనిషి అసలు ఏడుపు నీ సినిమాలో ఉంది అంది. ఎవరి గురించి ఏడ్చాడో కూడా తనకి తెలుసట. ఆ వాన రోజు సాయంత్రమే డిపోలో వాళ్లు ఇంటికొచ్చి చెప్పి వెళ్లారట. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు అంది.

మరి ఆరోజు హాల్లో ఎందుకు నవ్వావు పిన్నీ అని అడిగాను.

అంతమంది నవ్వుతుంటే నేనొక్కదాన్నే ఏడిస్తే, నాకు తెలుసని ఆయనకి తెలిసిపోదూ అంది.