మాంత్రికుడిలో నేను రాయనిది

అక్కా,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో మేం నలుగురం పాచికలు వేసి ఆడే కథల ఆట నీకు తెలుసుగా. మిగతా ముగ్గురూ వీరుల పాత్రలు ఆడతారు, కథ నడిపేది నేను. ఈసారి ఒక దుర్మార్గుణ్ని తయారుచేయాలి, వాడు అందరికీ నచ్చాలి కూడా. ఎంతకీ తట్టక చివరికి మన నాయిననే దించాను. ఊళ్లు తగలబెట్టే మాంత్రికుడు. కానీ ఎదురొచ్చిన ప్రతివాణ్నీ "తిన్నవా బిడ్డా?" అని అడుగుతాడు. చెప్పు తెగిన ముసలమ్మకు తన చెప్పులిచ్చి ఉత్తకాళ్లతో నడుస్తాడు, ఎల్‌బీ నగర్ బస్టాపులో నాయిన నడిచినట్టే.

నిన్న ఆటలో ఆ మాంత్రికుడు వాళ్లకు చిక్కాడు. మాతో ఆడే ప్రవీణ కత్తి ఎత్తి కూడా ఆగిపోయింది. "ఇడిసిపెడదాం. గింత మంచిగ మాట్లాడేటోన్ని ఎట్ల చంపుతం?" అంది. ముగ్గురూ వదిలేశారు.

మెట్రోలో ఇంటికొస్తుంటే అర్థమైంది. వాడు నచ్చాలని ఒక్కటి రాయకుండా దాచాను. నీ ఎడమ చెవి. పదో తరగతిలో నాయిన కొట్టిన దెబ్బకు వినపడకుండా పోయిన చెవి. ఇన్నేళ్లుగా ఎవరికి ఆయన గురించి చెప్పినా అదొక్కటే వదిలేస్తూ వచ్చాను.

దవాఖాన మంచం మీద ఆయన ఇంకా "బిడ్డ ఒచ్చిందా? తిన్నదా?" అని నీ గురించే అడుగుతున్నాడు. వచ్చి క్షమించమని పోయిన వారం నీతో పోట్లాడాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రావాలనిపిస్తే రా. రాకపోతే, ఎందుకు రాలేదో ఈసారి నేనే ఆయనకు చెప్తాను.

నీ తమ్ముడు