పోపుల డబ్బాలో తుపాకి మందు

బాబాయ్,

పోపుల డబ్బా పెరట్లో నీళ్ల గాబు పక్కన ఉంది. నానమ్మ కంటపడక ముందే తీసెయ్యి. తూటాల్లో నింపడానికి నువ్వు వడియాల పక్కన ఎండబెట్టిన మందుని తను ఆవాలనుకుని అందులో పోసింది. "ఈసారి ఆవాలు భలే నల్లగా ఉన్నాయే" అని మెచ్చుకుంది కూడా. నేను చూసేసరికి మూకుట్లో నూనె కాగుతోంది. పురుగు పట్టాయని చెప్పి డబ్బా లాక్కున్నాను.

నీ తూటా వినగడప ఊరి దాకా పోతుందని అందరికీ చెప్తావుగా. తోటలో ఒక్క అడవిపందికీ తగల్లేదు గానీ, మన పొయ్యి దాకా మాత్రం సరిగ్గా వచ్చింది. నీ గురికి దండం.

ఎదురుగా అనలేక రాశాను. బస్సు వచ్చేసింది.

కెజియా

నానమ్మకి అసలు సంగతి చెప్పకు. చూపు తగ్గిందని ఇప్పటికే దిగులు పడుతోంది. పప్పులో పోపు లేదేమని అడక్కుండా తిను.