చెకింగ్ బల్ల మీది వెలుతురు

నాన్నా,

ఫోన్లో చెప్పదగ్గ సంగతి కాదు, అందుకే ఉత్తరం. మా కంపెనీ ఈసారి నన్ను పంపింది ఎక్కడికో తెలుసా? నువ్వు ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేసిన బట్టల ఫ్యాక్టరీకే. షెడ్లన్నింటిలో పాత లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాలి. ముందు ఏ లైటు ఎంత వెలుతురిస్తోందో, ఎంత కరెంటు కాలుస్తోందో కొలవాలి. ఆ కొలిచే పని నాది.

మూడు రోజులు మీటరు పట్టుకుని నిచ్చెనలెక్కాను. కుట్టు షెడ్డులో ఏ గొడవా లేదు. తాన్లు పరిచి రంగు సరిచూసే చెకింగ్ బల్ల దగ్గరే ఆగిపోయాను. వెలుతురు బోలెడంత ఉంది. కానీ అది రంగును ఉన్నదున్నట్టు చూపించే వెలుతురు కాదు. రెండు నీలం ముక్కలు ఆ బల్ల మీద పెడితే ఒకే తానులోంచి చింపినట్టున్నాయి. బయటికి తీసుకెళ్ళి చూస్తే ఒకటి నీలం, ఇంకొకటి ఊదా.

అవి పద్నాలుగేళ్ళ కిందట నువ్వు పెట్టించిన లైట్లే నాన్నా. కరెంటు వాడకం మూడో వంతు తగ్గించావని నీకిచ్చిన ప్రశంసాపత్రం ఆఫీసు గోడకు ఇంకా వేలాడుతోంది. ఆ ఏడాదే రంగులత్తను పనిలోంచి తీసేశారు. పదకొండేళ్ళు ఆ బల్ల దగ్గరే నిలబడి, దారప్పోగు చూసి షేడు చెప్పిన మనిషి. చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది నేనైతే, పిలిచింది ఫ్యాక్టరీ అంతా. చొక్కాల చేతులొక రంగు, ఒళ్ళొక రంగు అని సరుకు వెనక్కొచ్చిందనీ, "పాపం, ఆవిడకి చూపు మందగించింది" అనీ నువ్వే భోజనం దగ్గర అమ్మతో అన్నావు.

మందగించింది ఆవిడ చూపు కాదు, తప్పు లైట్లది. నీకూ తెలిసుండదులే, అప్పట్లో ఇవన్నీ ఎవరు కొలిచారు గనక? ఇప్పుడు ఆ బల్ల దగ్గరున్న అమ్మాయికి మొన్ననే మెమో ఇచ్చారు, అదే కారణానికి. మేనేజరేమో అన్ని షెడ్లకీ ఒకే రకం చవక లైటు చాలంటున్నాడు. ఉన్న సంగతి రిపోర్టులో రాస్తే నీ పేరు బయటికొస్తుంది. ఏం చెయ్యమంటావు?

నీ చిన్నది

*

చిట్టితల్లీ,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకూ తెలిసుండదులే అని రాశావే, ప్రతిసారీ అక్కడే ఆగాను. నాకు తెలుసమ్మా.

సరుకు వెనక్కొచ్చిన రోజు ఆవిడ నా గదిలోకి వచ్చి నిలబడింది. "కొత్త లైట్లొచ్చాకే ఇలా అవుతోంది సార్. ఒక్కసారి ఆ ముక్కలు బయటికి తెచ్చి చూడండి" అంది. "లైట్లకేం, పట్టపగల్లా వెలుగుతుంటే! ముందు నీ కళ్ళు చూపించుకో" అని కసిరాను. అందరూ భోజనాలకు వెళ్ళాక మాత్రం ఆ ముక్కలు పట్టుకుని, లారీలు నిలిపే గుమ్మం దాకా వెళ్ళాను. ఎండలో పెట్టి చూశాను. నీకు కనిపించిందే నాకూ కనిపించింది. మడిచి లోపల పెట్టేశాను. ఆ ప్రశంసాపత్రం నా చేతికొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ లైట్లు పనికిరావని నా నోటితో నేనే ఎలా చెప్పను? వారం తిరక్కుండా ఆవిడకు చూపు ఆనడం లేదని కాగితం రాసి సంతకం పెట్టాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నిన్న బస్సెక్కి ఫ్యాక్టరీ ఉన్న ఊరొచ్చాను. నీ ముఖం చూడలేక నీకు చెప్పలేదు. రంగులత్త ఇప్పుడు ఒక మేడమెట్ల కింద చిన్న కొట్టు పెట్టుకుని గుండీలూ దారాలూ అమ్ముతోంది. నేను వీధి మలుపులో ఉండగానే గుర్తుపట్టి లేచి నిలబడింది. చూపు అంత బాగుంది. చెప్పాల్సింది చెప్పాను. దారం చుడుతూనే వింది.

"బయటికి తీసుకెళ్ళి చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు? నన్ను పంపించక ముందా, పంపించాకా?"

"ముందే."

చుట్టడం ఆపింది. "ఆర్నెల్లు కళ్ళ డాక్టర్ల చుట్టూ తిరిగాను సార్. బాగానే ఉన్నాయని వాళ్ళు చెప్తే నమ్మలేదు. మీరన్నదే నమ్మాను."



రిపోర్టులో రాయి. నా సంతకంతో ఒక కాగితం ఇందులో పెడుతున్నాను. ముందు ఆవిడకు చూపించు, తర్వాత ఫ్యాక్టరీ మేనేజరుకివ్వు.

మీ నాన్న

*

నాన్నా,

నాకు నీ మీద కోపంగా ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. జరిగింది మాత్రం రాస్తాను.

బుధవారం రంగులత్తను ఫ్యాక్టరీకి రమ్మన్నాను. మేనేజరు మొదట "బయటి మనిషెందుకమ్మా" అని సణిగాడు గానీ, వచ్చాక కుర్చీ వేయించాడు. ఆవిడ కూర్చోలేదు. బల్ల మీద మూడు రకాల లైట్లు వేలాడదీశాను. మొదటిదాని కింద చెయ్యి పెట్టి చూసుకుని "దించెయ్" అంది. రెండోదీ అంతే. మూడోదాని కింద ముక్కలు రెండూ పరిచింది, బయటికెళ్ళి చూసొచ్చింది, మళ్ళీ బల్ల మీద చూసింది. "ఇది పెట్టండి" అంది. అది మిగతా రెండింటికన్నా కాస్త ఎక్కువే కాలుస్తుంది, అయినా పాతవాటిలో సగమే. చెకింగ్ బల్లలకు అదే పెట్టడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి మెమో కూడా వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత నీ కాగితం చూపించాను. నిలబడే చదివింది. "పొరపాటున ఆమె చూపును తప్పుబట్టాను" అని రాశావు కదా, నా పెన్ను అడిగి తీసుకుని "పొరపాటున" కొట్టేసి, పైన "తెలిసి" అని రాసింది. "మీ నాన్నని ఇలాగే మళ్ళీ రాసి సంతకం పెట్టమను" అంది.

మేనేజరుకింకా ఇవ్వలేదు. నువ్వేమంటావో చెప్పు.

నీ చిన్నది

*

చిట్టితల్లీ,

ఆవిడ దిద్దినట్టే మళ్ళీ రాశాను. మేనేజరుకు ఇవ్వాల్సింది ఇందులో ఉంది. మీ అమ్మకు చదివి వినిపించాను. రెండు రోజులైంది, భోజనం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు. నీ కోపం కూడా ఉన్నన్నాళ్ళు ఉండనీ, నేనేమీ అనను.

ఇంకో ప్రతి తీసుకుని ఇవాళ ఆవిడ కొట్టుకు వెళ్ళాను. చివరిదాకా చదివి, మడిచి గల్లాపెట్టెలో పెట్టుకుంది. "సరే సార్, వెళ్ళిరండి" అంది. కూర్చోమనలేదు. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. గుండీలు కొనడానికి ఎవరో వచ్చారు. పక్కకు తప్పుకుని, బస్సుకు వచ్చేశాను.

మీ నాన్న