చొక్కా వాసన

బుధవారం, పుంగనూరు

మా ఆయన తాగుడు మానినప్పటి నుంచి రోజూ ఇద్దరం ఒక కామెడీ సీరియల్ చూస్తున్నాం. అందులోనూ మొగుడు తాగుడు మానేసినవాడే. పెళ్లాం లాయరు.

ఈరోజు ఆయన మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి ఆలస్యంగా వచ్చాడు.

"యాల ఇంత లేటు? ఇంతసేపు యాడుండావు?" అన్నాను.

"ఆ లాయరమ్మ గూడా మొగుణ్ణి ఇన్ని అడగదు మే," అని నవ్వాడు.

నిజమే. కోర్టులో అందర్నీ నిలదీసే ఆవిడ, మొగుడు గుమ్మంలోకి రాగానే ఊరికే కావలించుకుంటుంది. నాకూ అలా ఉండాలనే ఉంది. కానీ ఆయన దగ్గరికి వస్తే ముందు నా ముక్కే పని చేస్తుంది...

ఆయనే చొక్కా విప్పి నా చేతికిచ్చి, స్నానానికి వెళ్లాడు.

అంటే రోజూ నేను వాసన చూడటం ఆయనకు తెలుసు.

అయినా చూశాను.