కలకత్తా రైలూ, పోర్టుబ్లెయిరు ఓడా

విజయనగరం, 19-1-1969

చి. జానకిరామయ్యకు నాయనమ్మ ఆశీస్సులు. విశాఖ నుంచి ఓడ 28న బయలుదేరుతుంది కనుక ఈ కార్డు ఇప్పుడే రాస్తున్నాను.

పోర్టుబ్లెయిరులో మీ అత్త రాజ్యలక్ష్మికి తొలి కాన్పు ఫాల్గుణంలో. ఓడ ఖర్చు దండగ, కలకత్తా రమ్మని నువ్వు లెక్క వేసి పంపావు. రానుపోను రైలుకు నలభై నాలుగు, ఓడకు నూట పదహారు. సరే. దిగిన తరువాతి ఖర్చు వేయలేదేం? మీ ఊళ్లో పది రోజులుంటే ట్రాములకూ, రిక్షాలకూ, కాళీఘాట్‌కూ ముప్పై అవుతుంది.

ద్వీపం సంగతి కూరలమ్మే జగ్గమ్మను అడిగాను. నిరుడు కొడుకు దగ్గరకు ఆ ఓడలోనే వెళ్లి వచ్చింది.

"దిగినాక కర్సేటుంటాది అమ్మగోరూ? ఏ పక్కకెల్లినా సముద్రమే. దాన్ని సూడ్డానికి టిక్కట్టు లేదు కదేటి!" అంది.

"ఓడలో తిండో?"

"మీ మడికి అక్కడి వంట పనికిరాదు. మూడ్రోజులూ అటుకులే!"

రెండో రోజు భీష్మ ఏకాదశి. ఎలాగూ ఉపవాసమే.

ఇంకా నలభై రెండు రూపాయల తేడా ఉంది, ఒప్పుకుంటాను. కాని మీ ఊరికి రైలు రోజూ ఉంది. కాన్పుకు ముందు అక్కడికి ఇదొక్కటే ఓడ.

ఇక జరగవలసినవి:

1. నన్ను మీ నాన్న ఓడ ఎక్కిస్తాడు. నువ్వు సెలవు పెట్టవద్దు.
2. ఓడలో స్నానానికి మంచినీళ్లిస్తారో, ఉప్పునీళ్లో కనుక్కుని వెంటనే రాయి.
3. నాయనమ్మ రాదని నువ్వు రాసిన ఉత్తరం చూసి రాజ్యలక్ష్మి రెండు రోజులు అన్నం తినలేదట. వస్తోందని నువ్వే తంతి ఇవ్వు. ఆ ఖర్చు నీది.